వైరస్ సోకిన టీ సెల్స్‌లో కాల్షియం సిగ్నల్ ఎందుకు నిలవడం లేదు?

అడిగింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో ఒక ల్యాబ్, పీహెచ్‌డీ రెండో ఏడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం నుంచి పీబీఎంసీలు (టీ సెల్స్, మోనోసైట్లు లాంటి తెల్లకణాలు) తీసి, డెంగీ వైరస్‌తో 24 గంటలు ఉంచి, కాల్షియం తగిలితే వెలిగే ఫ్లువో-4 డై ఎక్కించి, టీ సెల్‌ని మేల్కొలిపే యాంటీ-సీడీ3 యాంటీబాడీ ఇస్తే ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో సెల్ వెలుగును కొలిచే యంత్రం) చిన్న పీక్ లేచి రెండు నిమిషాల్లో మొదటికి వచ్చేస్తోంది. వైరస్ లేని కంట్రోల్ కూడా అంతంతమాత్రమే. కొలిచేది మామూలు ఫ్యాక్స్ బఫర్‌లోనే. వైరస్ టీ సెల్స్ కాల్షియం దారిని మూసేస్తోందని రాయవచ్చా? ఇంకొకటి: జ్వరాల కాలంలో కాల్షియం మాత్రలు వేసుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుందా అని ఊళ్లో అమ్మగారు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

ఇప్పుడే రాయకండి. మీరిచ్చిన వివరాల్లో నేను ముందు అనుమానించేది వైరస్‌ని కాదు, బఫర్‌ని. ఫ్యాక్స్ బఫర్ అంటే చాలా ల్యాబ్‌లలో ఇదే వంటకం: పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీళ్లు), అందులో 2 శాతం పిండ దశ దూడ సీరం, సెల్స్ ఉండలు కట్టకుండా 2 మిల్లీమోలార్ ఈడీటీఏ. మామూలు పీబీఎస్‌లో కాల్షియం ఉండదు. ఆ దూడ సీరంలో లీటరుకు మూడు నాలుగు మిల్లీమోల్స్ ఉంటుంది కాబట్టి 2 శాతం సీరంతో వచ్చేది సుమారు 0.07 మిల్లీమోలార్. దాన్ని పట్టుకోవడానికి దాదాపు ముప్పై రెట్ల ఈడీటీఏ అక్కడే కాచుకుని ఉంది. లెక్క వేస్తే స్వేచ్ఛగా మిగిలే కాల్షియం నానోమోలార్లలోకి పడిపోతుంది. విశ్రాంతిలో ఉన్న టీ సెల్ లోపల సుమారు 100 నానోమోలార్ ఉంటుంది. అంటే మీ ట్యూబులో సెల్ బయటకంటే లోపలే కాల్షియం ఎక్కువ. శరీరంలో సంగతి దీనికి పూర్తిగా తలకిందులు: రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం 1.1 నుంచి 1.3 మిల్లీమోలార్, సెల్ లోపలికంటే పది వేల రెట్లు ఎక్కువ. బావి ఎండగట్టి, చేద ఖాళీగా వస్తే తాడు తెగిందేమో అని చూస్తున్నట్టుంది ఇప్పటి మీ ప్రయోగం. కంట్రోల్ కూడా బాగా లేదన్నారు కదా, అదే అసలు సాక్ష్యం.

మరి ఆ చిన్న పీక్ ఎక్కడిది? అది సెల్ సొంత నిల్వ. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే వైరస్ మీద టీ సెల్ ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నది ఈ రెండు దశల తేడాలోనే ఉంది.

టీ సెల్ రిసెప్టర్ తన పెప్టైడ్‌ని గుర్తుపట్టగానే ఎల్‌సీకే, జాప్-70 కైనేజులు మేల్కొంటాయి, లాట్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్లు చేరతాయి, అక్కడికి పీఎల్‌సీ-గామా1 వచ్చి పొరలోని పిఐపీ2 లిపిడ్‌ని రెండుగా కోస్తుంది. అందులో ఒక ముక్క ఐపీ3. అది సెల్ లోపలి కాల్షియం గిడ్డంగి అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (ఈఆర్) మీద ఉన్న తన రిసెప్టర్‌ని తెరుస్తుంది, లోపల దాచిన కాల్షియం బయటపడుతుంది. మీరు చూసిన పీక్ ఇదే. కానీ లింఫోసైట్‌లో సైటోప్లాజం పలచగా ఉంటుంది, ఈఆర్ చిన్నది. ఆ నిల్వ నిమిషం రెండు నిమిషాల్లో కరిగిపోతుంది. విడుదలైన కాల్షియాన్ని సెర్కా పంపు తిరిగి ఈఆర్‌లోకి, పీఎంసీఏ పంపు సెల్ బయటికి తోసేస్తూనే ఉంటాయి. రెండూ ఏటీపీ ఖర్చు పెట్టే పంపులే. 1929లో ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కండరాల్లో కనిపెట్టిన ఆ ఏటీపీయే. అందుకే గ్లూకోజ్ లేని పీబీఎస్‌లో గంటల తరబడి ఉంచిన సెల్స్‌లో బేస్‌లైన్ మెల్లగా పైకి జారుతుంది. పంపులకు కూడు లేదు.

నిలకడ రావాలంటే బయటి కాల్షియం లోపలికి రావాలి. ఈఆర్ ఖాళీ అయిందని పసిగట్టేది స్టిమ్1. దాని ఒక కొస ఈఆర్ లోపల ఉండి కాల్షియాన్ని పట్టుకుని ఉంటుంది. కాల్షియం తగ్గగానే ఆ పట్టు వీడుతుంది, స్టిమ్1 అణువులు గుంపుగా చేరి, ఈఆర్ సెల్ పొరకు ఆనుకునే చోటికి జరిగి, పొరలోని ఒరాయ్1 చానెల్‌ని తెరుస్తాయి. స్టిమ్ పాత్ర 2005లో, ఒరాయ్1 2006లో తేలాయి. అంతకుముందు పదిహేనేళ్లుగా ఆ దారిలో లోపలికి పారే కాల్షియం కరెంటును కొలుస్తున్నారు గానీ అది ఏ ప్రోటీన్ పనో తెలియదు. ఒరాయ్ అన్న పేరు గ్రీకు పురాణాల్లో స్వర్గ ద్వారం కాచే దేవతలది. మన జయవిజయుల లాంటి కావలివాళ్లన్నమాట. మీ బెంగళూరులోనే, ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో గైతీ హసన్ బృందం పళ్ల ఈగల్లో ఐపీ3 రిసెప్టర్, స్టిమ్, ఒరాయ్‌ల మీద దశాబ్దాలుగా పని చేసింది. నాడీకణాల మీద పని అయినా, ఈ దారి గురించి ఆలోచించడం నేర్చుకోవడానికి ఆ పేపర్లు చదవండి.

ఈ కావలివాళ్లు లేకపోతే ఏమవుతుందో పిల్లల్లోనే తెలిసింది. ఒరాయ్1లో 91వ స్థానంలో ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్ వచ్చిన బిడ్డలకు టీ సెల్స్ లెక్క దాదాపు మామూలుగానే ఉంటుంది. మామూలు రక్తకణాల లెక్క (సీబీసీ) చూస్తే ఏమీ తెలియదు. కానీ ఆ సెల్స్ పెరగవు, సైటోకైన్లు చేయవు, పుట్టిన కొద్ది నెలలకే వైరస్, ఫంగస్, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటాయి. ఎముక మజ్జ మార్పిడితో రక్షణ వ్యవస్థ కోలుకుంటుంది గానీ కండరాల బలహీనత, పంటి ఎనామెల్ లోపం ఉండిపోతాయి, ఎందుకంటే అవి మజ్జ నుంచి వచ్చే కణాలు కావు. సైనికులు ఉన్నారా లేరా అన్నది ఒక ప్రశ్న, వాళ్లకు ఆజ్ఞ అందుతోందా అన్నది వేరే ప్రశ్న. మీ ప్రయోగం రెండోదాన్ని అడుగుతోంది, అందుకే సెల్ కౌంట్, వయబిలిటీ బాగున్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి.

నిలకడ ఎందుకంత ముఖ్యం? కాల్షియం కాల్‌మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ని నడుపుతుంది. అది జన్యువులను లేపే ఎన్‌ఫ్యాట్ అనే ప్రోటీన్ మీది ఫాస్ఫేట్లు తీసేస్తే ఎన్‌ఫ్యాట్ న్యూక్లియస్‌లోకి వెళ్తుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు ఇచ్చే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ అడ్డుకునేది సరిగ్గా ఈ మెట్టునే; వాళ్లకు సైటోమెగలోవైరస్ లాంటివి తిరగబెట్టే భయం అందుకే. కాల్షియం పడిపోతే ఎన్‌ఫ్యాట్ నిమిషాల్లో న్యూక్లియస్ వదిలి వచ్చేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-2, ఇంటర్‌ఫెరాన్-గామా జన్యువులు గట్టిగా పనిలోకి దిగాలంటే గంటల తరబడి కాల్షియం పైనే ఉండాలి. బీ సెల్స్‌లో 1997లోనే చూపించారు: తక్కువ ఎత్తులో నిలిచి ఉన్న కాల్షియం ఎన్‌ఫ్యాట్‌ని లేపుతుంది, పెద్దగా లేచి వెంటనే పడిపోయే కాల్షియం వేరే సిగ్నల్ ప్రోటీన్లను, ఎన్‌ఎఫ్-కప్పా-బీని, జేఎన్‌కేని, లేపుతుంది. ఎత్తు ఒకటే చూసి గ్రాఫ్ గీస్తే సెల్ ఏం విందో మనకు తెలియదు. అందుకే పీక్ ఎత్తుతో పాటు, ప్రేరణ ఇచ్చాక 5 నుంచి 10 నిమిషాల మధ్య సగటు స్థాయిని, గ్రాఫ్ కింది విస్తీర్ణాన్ని విడివిడిగా ఇవ్వండి.

సీడీ8 టీ సెల్స్, ఎన్‌కే సెల్స్ వైరస్ సోకిన కణాన్ని చంపే పని ఇంకా వేగంగా జరిగేది. గ్రాన్యూల్స్ పొరకు అంటుకుని తెరుచుకోవడానికి సెల్ లోపల కాల్షియం కావాలి. బయటపడ్డ పర్ఫోరిన్ ఎదుటి కణం పొరకు అతుక్కుని రంధ్రం చేయడానికి బయట కాల్షియం కావాలి. కిల్లింగ్ అస్సే (సెల్స్ చంపే శక్తిని కొలిచే పరీక్ష) చేసే ట్యూబులో కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ వేస్తే రెండూ ఆగిపోతాయి. అప్పుడు చంపడం ఆగిందంటే సెల్ సిగ్నల్ లేదని అర్థం చేసుకోకూడదు. పర్ఫోరిన్ చేతులు కట్టేసినా ఫలితం అదే. గ్రాన్యూల్స్ తెరుచుకున్నాయో లేదో తెలియడానికి, అప్పుడు సెల్ మీదికి వచ్చే సీడీ107ఏ గుర్తును విడిగా చూడండి.

ఎక్కువ కాల్షియం అంటే ఎక్కువ రక్షణ అన్న ఊహ మాత్రం వదిలేయాలి. ఎన్‌ఫ్యాట్‌కి జతగా సీడీ28 అనే తోడు రిసెప్టర్ వైపు నుంచి ఏపీ-1 అనే ఇంకో ప్రోటీన్ రావాలి. జత లేకుండా కాల్షియం, ఎన్‌ఫ్యాట్ మాత్రమే నడిస్తే సెల్ అనర్జీ (పలకని స్థితి) వైపు, దీర్ఘకాలిక వైరస్ ఇన్ఫెక్షన్లలో అలసట వైపు జారుతుంది. ఒంటరి ఎన్‌ఫ్యాట్ వేరే జన్యువులను లేపుతుంది, సెల్‌కి బ్రేకులు వేసే రిసెప్టర్లు అందులో ఉన్నాయి. నిలకడ కావాలి, తోడు కూడా కావాలి.

ఇక వైరస్‌ల వైపు. ఇవి కాల్షియాన్ని ఊరికే వదిలిపెట్టవు. రోటావైరస్ ఎన్‌ఎస్‌పీ4 ఈఆర్ పొరలో రంధ్రం చేసి నిల్వ ఖాళీ చేస్తుంది. దాని బయటి కవచం వీపీ7 నిలబడటానికే కాల్షియం కావాలి, కాల్షియం తగ్గితే ఆ పొర ఊడిపోతుంది. హెపటైటిస్ బీ వైరస్ హెచ్‌బీఎక్స్ ప్రోటీన్ కాలేయ కణంలో సైటోప్లాజం కాల్షియం పెంచుకుని తన కాపీలు చేసుకుంటుంది. సెల్ సొంత అలారం కూడా ఈ దారికి ముడిపడే ఉంది: డీఎన్ఏ వైరస్‌ని పసిగట్టే స్టింగ్ అనే ప్రోటీన్‌ని మామూలు వేళల్లో ఈఆర్ దగ్గర పట్టి ఉంచేది స్టిమ్1 అని 2019లో చూపించారు. మీ డెంగీ విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒకటి. పీబీఎంసీలో ఆ వైరస్ ప్రధానంగా చేరేది మోనోసైట్లలోకి, డెండ్రైటిక్ సెల్స్‌లోకి. టీ సెల్స్‌లోకి కాదు. మీ టీ సెల్ గేట్‌లో (సైటోమీటర్‌లో టీ సెల్స్‌గా వేరు చేసిన గుంపులో) తేడా నిజంగా వస్తే అది చాలావరకు పక్క సెల్స్ వదిలిన సైటోకైన్ల పని అయి ఉంటుంది. 'వైరస్ టీ సెల్ దారిని మూసింది' అన్న వాక్యానికీ దీనికీ చాలా దూరం ఉంది.

ఇప్పుడు బల్ల మీద పని.

రక్తం హెపారిన్ ట్యూబులో తీసుకోండి. అయితే హెపారిన్ డెంగీ వైరస్‌ను సెల్‌కి అంటుకోనివ్వదు, వైరస్ పట్టుకునే హెపరాన్ సల్ఫేట్‌కి అది నకలు లాంటిది. కాబట్టి వైరస్ వేసే ముందు వాష్‌లు మూడు తప్పనిసరి. తెల్లకణాలను వేరు చేసే ఫైకాల్ ద్రవం (సాంద్రత 1.077), రూమ్ టెంపరేచర్, 400 జీలో 30 నిమిషాలు, బ్రేక్ లేకుండా. తర్వాతి వాష్‌లలో ఒకటైనా 200 జీలో 10 నిమిషాలు చేసి ప్లేట్‌లెట్లను పై ద్రవంతో పారబోయండి. ప్లేట్‌లెట్లు డై తాగుతాయి, టీ సెల్స్‌కి అతుక్కుంటాయి, వాటి కాల్షియం వాటిది. మీరు చూసే బేస్‌లైన్ గరుకుదనంలో సగం వీటి వల్లే కావచ్చు.

కొలిచే బఫర్ కొత్తగా చేసుకోండి. లీటరుకి సోడియం క్లోరైడ్ 8.47 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.335 గ్రాములు, గ్లూకోజ్ 1.8 గ్రాములు, హెపీస్ 2.38 గ్రాములు, 1 మోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 1 మిల్లీలీటరు, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4. చివర్లో 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 2 మిల్లీలీటర్లు. ఈ కాల్షియం క్లోరైడ్‌ని పొడిగా తూచకండి, రెడీమేడ్ 1 మోలార్ ద్రావణం కొనండి. చెన్నై ఉక్కపోతలో ఆ సీసా మూత తీసి పెడితే గంటలో పొడి తడిసి ముద్దవుతుంది. బెంగళూరులో కూడా జూన్ నుంచి అక్టోబర్ దాకా అంత నమ్మకం పెట్టుకోవద్దు. నీళ్లు తూచి కాల్షియం అనుకుంటాం. ఉన్న పీబీఎస్‌లోనే కాల్షియం కలిపేస్తే సరిపోదా అంటారేమో. ఫాస్ఫేట్‌తో కలిసి కాసేపటికి పలచని తెల్లటి మడ్డి దిగుతుంది, సైటోమీటర్ దాన్ని చిన్న సెల్స్‌గా లెక్కేస్తుంది. ఆర్‌పీఎంఐలో కొలిచేవాళ్లకు కూడా ఒక మాట: అందులో కాల్షియం 0.42 మిల్లీమోలార్ మాత్రమే, రక్తంలో ఉండేదాంట్లో మూడో వంతు.

కాల్షియం లేని జత బఫర్ కూడా కావాలి: కాల్షియం క్లోరైడ్ మానేసి, మెగ్నీషియం 3 మిల్లీమోలార్‌కి పెంచి, ఈజీటీఏ 0.5 మిల్లీమోలార్ వేయండి. ఈజీటీఏ కాల్షియాన్ని పట్టుకునేటప్పుడు ప్రోటాన్లు వదులుతుంది, పీహెచ్ పడిపోతుంది. అందుకే హెపీస్ 10 మిల్లీమోలార్ కంటే తగ్గించకండి.

డై సంగతి. ఫ్లువో-4 ఏఎం చిన్న ట్యూబుల్లో మైనస్ 20లో ఉంటుంది. తీసిన వెంటనే మూత తెరిస్తే గాల్లో తేమ చల్లటి పొడి మీద దిగి, డైని సెల్‌లోకి దూరనిచ్చే ఏఎం గుంపును కోసేస్తుంది. కోసిన డై సెల్‌లోకి దూరదు, బయట మెరుస్తూ ఉంటుంది. మూత తీయకుండా అరగంట రూమ్‌లో ఉంచి, తేమలేని డీఎంఎస్‌వోలో 1 మిల్లీమోలార్ చేసి, ఆ రోజే వాడేయండి. సెల్స్ మిల్లీలీటరుకు 50 లక్షలు, ఫ్లువో-4 1 నుంచి 2 మైక్రోమోలార్, డైని నీళ్లలో కరిగించే ప్లురానిక్ ఎఫ్-127 0.02 శాతం, రూమ్ టెంపరేచర్‌లో 30 నిమిషాలు చీకట్లో. వాష్ చేసి, ఇంకో 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి, లోపలి ఎస్టరేజ్ ఎంజైములు ఏఎం గుంపును కోసి డైని పూర్తిగా విప్పాలి. సిగ్నల్ బాగా రావాలని 10 మైక్రోమోలార్ వేస్తే డై తానే కాల్షియాన్ని పీల్చుకుని చిన్న అలలను చదును చేసేస్తుంది. 37 డిగ్రీల్లో గంటసేపు లోడ్ చేస్తే డై ఈఆర్‌లోకి, మైటోకాండ్రియాలోకి కూడా దూరి, బేస్‌లైన్ ఊరికే వెలిగిపోతుంది. మోనోసైట్లు డైని బయటికి కక్కేస్తాయి. వాటిని కూడా చూడాలనుకుంటే ప్రొబెనెసిడ్ 1 నుంచి 2.5 మిల్లీమోలార్ ఉంచండి. అది సోడియం హైడ్రాక్సైడ్‌లోనే కరుగుతుంది కాబట్టి తర్వాత పీహెచ్ మళ్లీ సరిచూడాలి.

ఫ్లువో-4 ఒక్కటే వాడితే ఒక సెల్ ఎక్కువ వెలిగిందంటే కాల్షియం ఎక్కువో డై ఎక్కువో చెప్పలేం. వైరస్ సోకిన నమూనాలో ఎస్టరేజులు, సెల్ సైజు మారతాయి, డై లోడింగ్ మారుతుంది. ఇది చిన్న తప్పు కాదు, మొత్తం నిర్ణయాన్నే తిప్పేయగల తప్పు. మీ కోర్ ఫెసిలిటీ సైటోమీటర్‌లో యూవీ లేజర్ ఉంటే ఇండో-1 వాడండి, 405, 485 నానోమీటర్ల దగ్గర నిష్పత్తి వస్తుంది. లేకపోతే 488 లేజర్‌తోనే ఫ్లువో-4కి తోడు ఫ్యూరా రెడ్ ఎక్కించండి: కాల్షియం పెరిగితే మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది, వాటి నిష్పత్తి గీయండి.

గేటింగ్ కోసం సీడీ3 యాంటీబాడీ వాడకండి. అది మీరు తర్వాత నొక్కబోయే స్విచ్చే. ముందే నొక్కేసినట్టో, దానికి మూత వేసినట్టో అవుతుంది. సీడీ14, సీడీ19, సీడీ56 ఉన్నవాటిని తీసేసి, సీడీ8 మీద గేట్ వేయండి. ప్రేరణకు ఓకేటీ3 గానీ యూసీహెచ్‌టీ1 గానీ (రెండూ మౌస్ యాంటీ-సీడీ3 యాంటీబాడీలే) మిల్లీలీటరుకు 1 నుంచి 5 మైక్రోగ్రాములు ముందుగా పట్టించి, రికార్డింగ్ నడుస్తుండగా యాంటీ-మౌస్ ఐజీజీ 10 నుంచి 20 మైక్రోగ్రాములు వేసి క్రాస్‌లింక్ చేయండి. గేటింగ్ యాంటీబాడీలు కూడా మౌస్‌వే అయితే ఈ రెండోది వాటినీ పట్టుకుంటుంది. కాబట్టి వాటి మిగులు బాగా కడగండి, సీడీ8 కూడా క్రాస్‌లింక్ అవుతోందా అని ఓకేటీ3 లేని ట్యూబు ఒకటి పెట్టి చూసుకోండి. క్రాస్‌లింక్ లేకుండా విశ్రాంతి సెల్స్ చాలా బలహీనంగా పలుకుతాయి. ముందు 60 సెకన్లు బేస్‌లైన్, సెకనుకు 300 నుంచి 500 సెల్స్, ట్యూబు 37 డిగ్రీల్లో. ఏసీ గదిలో 20 డిగ్రీల ట్యూబు పెట్టి చూస్తే రెస్పాన్స్ నెమ్మదిస్తుంది, తగ్గుతుంది. రెండు రోజుల ప్రయోగాలు కలవకపోవడానికి ఇదొక్కటే చాలు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష థాప్సిగార్గిన్. కాల్షియం లేని బఫర్‌లో 60 సెకన్లు చూసి, థాప్సిగార్గిన్ 1 మైక్రోమోలార్ వేయండి. ఇది సెర్కాని బంధిస్తుంది, ఈఆర్ రిసెప్టర్‌తో పని లేకుండా దానంతట అదే ఖాళీ అవుతుంది. చిన్న దిబ్బ లేచి దిగుతుంది. పదో నిమిషంలో, మిల్లీలీటరు ట్యూబులో 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 2.5 మైక్రోలీటర్లు వేయండి, 0.5 ఈజీటీఏకి పోగా 2 మిల్లీమోలార్ మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న టీ సెల్స్‌లో గ్రాఫ్ అప్పుడు నిటారుగా లేచి పైనే నిలుస్తుంది. అది ఒరాయ్ దారి. చివర్లో, రిసెప్టర్‌తో పని లేకుండా కాల్షియాన్ని పొర దాటించే అయనోమైసిన్ 1 మైక్రోమోలార్. థాప్సిగార్గిన్, అయనోమైసిన్ రెండూ సైటోమీటర్ గొట్టాలకు జిడ్డులా పట్టుకుంటాయి. వాటి తర్వాత బ్లీచ్, తర్వాత నీళ్లు పంపి శుభ్రం చేయకపోతే తర్వాతి ట్యూబు సెల్స్ ఏమీ వేయకముందే వెలిగి కూర్చుంటాయి. అందుకే వీటిని రోజు చివరికి పెట్టుకోండి.

ఫలితం చదివే పద్ధతి ఇదీ. థాప్సిగార్గిన్‌తో రెండు నమూనాలూ ఒకేలా ఉండి, యాంటీ-సీడీ3తో మాత్రమే వైరస్ నమూనా తక్కువైతే లోపం పైన ఉంది: రిసెప్టర్ సెల్ మీద తగ్గి ఉండవచ్చు, ఎల్‌సీకే, జాప్-70, పీఎల్‌సీ-గామా1 చూడాలి. కాల్షియం లేనప్పటి దిబ్బ సమానంగా ఉండి, కాల్షియం తిరిగి వేశాక లేచే మెట్టు తక్కువైతే లోపం ప్రవేశంలో ఉంది: స్టిమ్1, ఒరాయ్1 పరిమాణం గానీ, లేదా పొటాషియం చానెళ్లు కేవీ1.3, కేసీఏ3.1 తగ్గి పొర వోల్టేజీ పడిపోయి కాల్షియాన్ని లోపలికి లాగే శక్తి తగ్గడం గానీ. మొదటి దిబ్బే చిన్నదైతే ఈఆర్ నిల్వ ముందే కరిగింది. అయనోమైసిన్‌కి కూడా తక్కువగా పలికితే జీవశాస్త్రం గురించి ఏమీ రాయకండి, అది డై గానీ సెల్ ఆరోగ్యం గానీ.

బ్లాకర్లతో నిరూపించాలనుకుంటే ఒరాయ్ దారిని ఆపే బీటీపీ2 1 మైక్రోమోలార్, గంట ముందు. 2-ఏపీబీ వాడితే మోతాదు దగ్గర జాగ్రత్త: 5 మైక్రోమోలార్ దగ్గర అది ఇదే కరెంటును పెంచుతుంది, 50 దగ్గర ఆపుతుంది, పైగా ఐపీ3 రిసెప్టర్‌ని కూడా తాకుతుంది. సెల్ లోపలి కాల్షియాన్ని పట్టేసే బాప్టా-ఏఎం వేసి వైరస్ పెరిగిందో తగ్గిందో చూసి ఇమ్యూనిటీ గురించి తేల్చేసే ప్రయోగాలు నాకు నచ్చవు. వైరస్ కాపీలకే కాల్షియం కావాలి. ఎవరి చేయి కట్టేశామో తెలియదు.

వైరస్ నమూనాకు సరైన కంట్రోల్ ఖాళీ మీడియం కాదు. మీ వైరస్ స్టాక్ వీరో సెల్స్‌లోనో, దోమ కణాలు సీ6/36లోనో పెంచి తీసిన పై ద్రవం. అందులో చచ్చిన సెల్స్ వదిలిన ఏటీపీ ఉంటుంది, అది సెల్ మీద ఏటీపీని గుర్తుపట్టే పీ2 రిసెప్టర్ల ద్వారా దానంతట అదే కాల్షియం లేపుతుంది. కాబట్టి వైరస్ లేకుండా అదే రోజు అదే విధంగా తీసిన పై ద్రవం ఒకటి, యూవీతో చంపిన వైరస్ ఒకటి, వీలైతే ఏటీపీని తినేసే ఎపిరేజ్ వేసింది ఒకటి పెట్టండి. డెంగీకి యాంటీబాడీలున్న సీరం వాడితే ఇంకో చిక్కు: వైరస్-యాంటీబాడీ ముద్ద మోనోసైట్ మీద యాంటీబాడీ తోకను పట్టుకునే ఎఫ్‌సీ-గామా రిసెప్టర్లను కూడగట్టి నేరుగా కాల్షియం లేపుతుంది. ఫిక్స్ చేసిన సెల్స్‌లో కాల్షియం కొలవలేం కాబట్టి బతికున్న వైరస్ మెషీన్‌లోకి వెళ్తుంది. మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి, కోర్ ఫెసిలిటీ ఒప్పుకోలు రాతలో ఉండాలి.

యాంటీ-సీడీ3 బదులు వైరస్ పెప్టైడ్‌తోనే చూడాలని మీకు తర్వాత అనిపిస్తుంది. అప్పుడు సగటు గీత మీద ఆశ పెట్టుకోకండి. ఆ పెప్టైడ్‌ని గుర్తించే సెల్స్ వెయ్యిలో ఒకటి ఉంటే సగటు కదలదు. సెల్ సెల్‌గా బేస్‌లైన్‌కి పైన 95వ పర్సంటైల్ గీత గీసి, దాన్ని దాటినవాటి శాతం చూడాలి. టెట్రామర్‌తో (ఆ పెప్టైడ్ తగిలించిన నాలుగు అణువుల గుత్తి) ముందే గుర్తు పెడదామా అంటే టెట్రామర్ కూడా రిసెప్టర్‌ని లాగే వస్తువే, చల్లగా ఉంచకపోతే అదే ప్రేరణ అవుతుంది.

అమ్మగారి ప్రశ్నకు. మాత్ర వేసుకుంటే రక్తంలో కాల్షియం కొద్దిగా, కొన్ని గంటలు పెరిగినా పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్ డీ, కిడ్నీలు కలిసి దాన్ని ఆ ఇరుకు గీతల మధ్యకే తెచ్చేస్తాయి. టీ సెల్ బయట 1.2 మిల్లీమోలార్ ఎప్పుడూ ఉంటుంది. తలుపు ఎప్పుడు తెరవాలో చెప్పేది వైరస్ ముక్కను చూసిన రిసెప్టర్, మాత్ర కాదు. కాబట్టి మాత్ర వల్ల వైరస్ జ్వరం ఆగదు. ఎముకలకు మాత్రం కాల్షియం కావాలి: ఐసీఎంఆర్ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మీ ఊళ్లో సంకటి, బెంగళూరులో ముద్దె, పక్కన గ్లాసు పాలు ఉంటే సగానికి పైగా తీరిపోతుంది. డాక్టరు రాసిన మాత్ర ఉంటే ఆపమనకండి, దాని పని వేరు.

జ్వరం వస్తే చూడాల్సినవి వేరే ఉన్నాయని చెప్పండి. 2024లో కర్ణాటక డెంగీని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటించింది, మీ వైపు కూడా వానలతో పాటే వస్తుంది. పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. ఓఆర్ఎస్, గంజి, కొబ్బరినీళ్లు తాగుతూ ఉండాలి. జ్వరం తగ్గిన తర్వాతి రెండు రోజులే అసలు జాగ్రత్త పడాల్సినవి: ఆగని వాంతులు, గట్టి కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, ఒంటికి వెళ్లడం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.